ఆరోగ్య సర్వేలో ఉద్యోగం: గుమ్మం దగ్గరే తేలే నిజం

బీఎస్సీ, నర్సింగ్, ఎంఎస్‌డబ్ల్యూ, ఎంపీహెచ్ చదివిన చాలామందికి ఏదో ఒక ఆరోగ్య సర్వేలోనే మొదటి ఉద్యోగం దొరుకుతుంది. ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్, ప్రాజెక్ట్ అసిస్టెంట్, డేటా ఎంట్రీ ఆపరేటర్, జిల్లా సర్వెలెన్స్ యూనిట్‌లో డేటా మేనేజర్ అంటూ పేర్లు వేరువేరుగా ఉంటాయి. ఏఎన్‌ఎంలు, ఆశా కార్యకర్తలు తమ రోజువారీ పనితో పాటు ఈ సర్వే పనినీ మోస్తున్నారు. చేతికి ఒక ట్యాబ్, బీపీ మెషీన్ ఇచ్చి, రోజుకు ఇన్ని ఇళ్లని చెప్పి ఊళ్లోకి పంపుతారు. ఏ ప్రశ్న ఎందుకు అడుగుతున్నామో, వచ్చిన జవాబు ఎక్కడికి పోతుందో కూర్చోబెట్టి చెప్పేవాళ్లు తక్కువ.

జబ్బు ఎవరికి వస్తోంది, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు వస్తోంది అని జనంలో లెక్కగట్టి చూసే శాస్త్రం ఎపిడెమియాలజీ. దాని ఫలితాలు పెద్ద వైద్య పత్రికల్లో అచ్చవుతాయి, ప్రభుత్వ పథకాలవుతాయి. అయితే గుమ్మం దగ్గర రాసుకున్న జవాబు తప్పైతే, ఆ తర్వాత ఏ కంప్యూటరూ దాన్ని నిజం చేయలేదు. అందుకే ఈ ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్లు, చేరబోయేవాళ్లు తెలుసుకోవాల్సిన సంగతులు కొన్ని ఇక్కడ చెబుతున్నాను.

ముందు ఇళ్ల జాబితా, తర్వాతే రోగుల జాబితా

ఒక ఊళ్లో 40 మందికి, పక్క ఊళ్లో 15 మందికి కిడ్నీ జబ్బు ఉందని విన్నారనుకోండి. ఏ ఊళ్లో జబ్బు ఎక్కువ? ఊరికి ఎంత జనాభా, అందులో ఎంతమందికి పరీక్ష చేశారు అన్నది తెలియకపోతే జవాబు చెప్పలేం. లవం కింద హారం లేకపోతే పోలికే లేదు.

1854లో లండన్‌లో కలరా చెలరేగినప్పుడు జాన్ స్నో అనే వైద్యుడు ఈ పనినే పద్ధతిగా చేశాడు. దక్షిణ లండన్‌లో రెండు కంపెనీలు ఒకే వీధుల్లో, కొన్నిచోట్ల పక్కపక్క ఇళ్లకే నీళ్లిచ్చేవి. సౌత్‌వార్క్ అండ్ వాక్స్‌హాల్ కంపెనీ నగరపు మురుగు కలిసిన చోట థేమ్స్ నది నీళ్లు తోడేది. ల్యాంబెత్ కంపెనీ 1852లోనే తోడే చోటును నది ఎగువకు మార్చుకుంది. కలరా మొదలైన తొలి ఏడు వారాల్లో మొదటి కంపెనీ నీళ్లు వాడిన 40,046 ఇళ్లలో 1,263 మంది చనిపోయారు. రెండో కంపెనీ నీళ్లు వాడిన 26,107 ఇళ్లలో 98 మంది పోయారు. అంటే 10 వేల ఇళ్లకు 315 మరణాలు ఒకవైపు, 37 మరణాలు ఇంకోవైపు. కలరా క్రిమి సంగతి వైద్యలోకానికి ఇంకా పట్టని రోజుల్లోనే జబ్బు నీళ్లతో వస్తోందని ఈ లెక్క చూపించింది.

ఇందులో ఫీల్డు మనిషి గమనించాల్సిన సంగతి ఇంకొకటుంది. మీ ఇంటికి నీళ్లు ఏ కంపెనీవి అని అడిగితే చాలామందికి తెలిసేది కాదు. బిల్లు ఇంటి యజమాని కట్టేవాడు, అద్దెకున్నవాళ్లకు ఆ గొడవ పట్టదు. స్నో ఆ గడిని ఊహతో నింపలేదు. ఇంటి నీళ్లు కొంచెం సీసాలో పట్టి, సిల్వర్ నైట్రేట్ వేసి చూశాడు. ఒక కంపెనీ నీళ్లలో ఉప్పు చాలా ఎక్కువ కాబట్టి తేడా వెంటనే కనిపించేది. ఇంట్లోవాళ్లకు తెలియకపోతే తెలుసుకునే మరో దారి వెతకాలి. దారి దొరక్కపోతే ‘తెలియదు’ అనే రాయాలి. ‘లేదు’, ‘తెలియదు’, ‘అడగలేదు’ అనేవి మూడు వేర్వేరు జవాబులు. ఖాళీ గడిని సున్నాగా మార్చేస్తే ఉన్న జబ్బును లేదని రాసినట్టే.

‘కేసు’ ఎవరో ముందే రాసిపెట్టుకోండి

ఊళ్లో జబ్బు రేగిందని కబురొచ్చి వెళ్తే ప్రతివాళ్లూ నాకూ ఉందంటారు. ఒకరికి జ్వరం, ఒకరికి నడుంనొప్పి. అందుకే లైన్ లిస్ట్ (ఒక్కో రోగికి ఒక్కో వరుస చొప్పున రాసే జాబితా) మొదలుపెట్టకముందే కేసు నిర్వచనం కావాలి. ఏ లక్షణాలు, ఏ వయసు, ఏ తేదీల మధ్య, ఏ ప్రాంతం అన్న నాలుగూ అందులో ఉండాలి.

బీహార్‌లోని ముజఫర్‌పూర్‌లో ఏటా వేసవిలో పిల్లలు తెల్లవారుజామున ఫిట్స్‌తో పడిపోయి చనిపోతుండేవారు. 2014లో జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం, అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ నిపుణులు కలిసి దాన్ని పరిశోధించారు. 15 ఏళ్లలోపు వయసుండి, కొత్తగా ఫిట్స్ గానీ స్పృహలో తేడా గానీ వచ్చి, ఊళ్లోని రెండు ఆసుపత్రుల్లో చేరిన పిల్లలను కేసులుగా తీసుకున్నారు. మే 26 నుంచి జులై 17 వరకు అలాంటి పిల్లలు 390 మంది చేరితే, 122 మంది చనిపోయారు. ఆ తర్వాత 104 మంది జబ్బు పిల్లలనూ, అదే వయసులో వేరే కారణాలతో ఆసుపత్రికి వచ్చిన 104 మందినీ పోల్చారు. ముందు 24 గంటల్లో లిచీ పండ్లు తినడానికీ జబ్బుకీ గట్టి సంబంధం కనిపించింది. ముందురోజు రాత్రి అన్నం తినకుండా పడుకున్న పిల్లల్లో ప్రమాదం ఇంకా పెరిగింది. లిచీలోని విషపదార్థాలు ఖాళీ కడుపున్న పిల్లల రక్తంలో చక్కెరను ప్రమాదకరంగా పడేస్తున్నాయని ల్యాబ్ పరీక్షల్లో తేలింది. రాత్రి పిల్లలకు అన్నం పెట్టి పడుకోబెట్టండి, ఆసుపత్రికి రాగానే గ్లూకోజ్ చూసి ఎక్కించండి అనే సలహాలు అక్కడినుంచే వచ్చాయి.

‘రాత్రి బిడ్డ అన్నం తిందా అమ్మా?’ అన్న ప్రశ్న ఒక ఫారంలో ఉండబట్టి, దాన్ని ఎవరో ఓపికగా అడగబట్టి ఆ సంగతి బయటపడింది. ఫారంలో ఏ ప్రశ్ననూ అనవసరమని మీరే నిర్ణయించుకుని దాటేయకండి.

ఇద్దరినీ ఒకే గొంతుతో అడగండి

1950లో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ లండన్ ఆసుపత్రుల్లో ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులు 709 మందినీ, అదే వయసున్న ఇతర రోగులు 709 మందినీ పొగ అలవాటు గురించి విచారించారు. ప్రశ్నలు అడిగింది ఆసుపత్రి సామాజిక కార్యకర్తలు నలుగురు. ఇలాంటి పనిలో ఒక భయం సహజం: ఎదుటివాడికి క్యాన్సర్ అని తెలిసినప్పుడు, తెలియకుండానే ‘ఇంకొంచెం ఎక్కువే కాల్చేవారేమో’ అని తరచి అడుగుతామేమో? డాల్, హిల్ దీన్ని పరీక్షించారు. ప్రశ్నించే సమయానికి క్యాన్సర్ అనుకున్నా, తర్వాత కాదని తేలిన రోగుల జవాబులను విడిగా చూశారు. అడిగేవాళ్ల పక్షపాతం పనిచేసి ఉంటే వీళ్లూ ఎక్కువ కాల్చినట్టు నమోదవ్వాలి. కానీ వాళ్ల జవాబులు క్యాన్సర్ లేనివాళ్ల జవాబుల్లాగే ఉన్నాయి. అడిగిన నలుగురూ నిష్పాక్షికంగా అడిగారని అలా రుజువైంది.

మీరు జబ్బున్న ఇంట్లో అరగంట కూర్చుని, జబ్బు లేని ఇంట్లో ఐదు నిమిషాల్లో లేచి వస్తే, ఆ అరగంటే ఒక తప్పుడు తేడాను పుట్టిస్తుంది. ప్రశ్న చదివే తీరు, ఎదురుచూసే సమయం, మళ్లీ అడిగే లెక్క ఇద్దరికీ ఒకటే ఉండాలి.

ఊరి మాటలో అడగండి

శ్రీకాకుళం ప్రాంతంలో ఒక పెద్దావిడను ‘మీరు ధూమపానం చేస్తారా?’ అని అడిగితే లేదంటుంది. ‘పెద్దమ్మా, చుట్ట అలవాటుందా? అడ్డపొగ వేస్తారా?’ అని అడిగితే నవ్వి, చిన్నప్పటినుంచీ ఉందంటుంది. చుట్ట నిప్పున్న వైపును నోట్లో పెట్టుకుని కాల్చే ఈ అలవాటు ఉత్తర కోస్తాలో ఆడవాళ్లలో బాగా ఉండేది. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల నోళ్లు పరీక్షించి చేసిన అధ్యయనం 1971లో బ్రిటిష్ క్యాన్సర్ పత్రికలో వచ్చింది. అడ్డపొగ వేసేవాళ్ల అంగిలిలో వచ్చే మార్పులను అది ప్రపంచానికి చూపించింది. స్థానికుల అలవాటుకు వాళ్లు వాడే పేరు తెలియనివాడు ఆ పనిని చేయలేడు.

వయసు సంగతీ అంతే. పెద్దవాళ్లలో చాలామంది 50, 55, 60 అని ఉజ్జాయింపు లెక్క చెబుతారు. అప్పుడు ఊరికి తెలిసిన సంఘటనలు పట్టుకోండి. కృష్ణా జిల్లాలో 1977 దివిసీమ ఉప్పెన, గోదావరి ఒడ్డున 1986 వరద, విశాఖలో 2014 హుద్‌హుద్ తుపాను. ‘ఉప్పెన వచ్చినప్పుడు మీకు పెళ్లయిందా? పెద్దబ్బాయి పుట్టాడా?’ అని అడిగితే వయసు ఇంకాస్త దగ్గరగా తేలుతుంది. మీ మండలానికి తగిన సంఘటనల జాబితా ఒక పేజీ రాసుకుని ఫైల్లో పెట్టుకోండి.

తాళం వేసిన ఇల్లు

సర్వేలో ఇళ్లను చీటీలు తీసినట్టు ఎంచుతారు. ఎంచిన ఇంటికి తాళం ఉంటే పక్కింటికి వెళ్లడం తేలిక. కానీ పగలు తాళం వేసి ఉండేది కూలికి వెళ్లేవాళ్ల ఇళ్లకు, మగ్గానికో ఫ్యాక్టరీకో వెళ్లేవాళ్ల ఇళ్లకు. వాళ్లను వదిలేస్తే మీ సర్వేలో ఇంట్లో ఉండే ముసలివాళ్లు, గృహిణులు, సెలవులో ఉన్నవాళ్లే మిగులుతారు. ఆ ఊరి జబ్బు ముఖమే మారిపోతుంది.

2020 మే, జూన్ నెలల్లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) చేసిన తొలి కోవిడ్ సీరో సర్వేలో (రక్తంలో యాంటీబాడీలు చూసే సర్వే) 70 జిల్లాలు, జిల్లాకు పది ఊళ్లు లేదా వార్డులు, ఒక్కోచోట 40 మంది చొప్పున 28 వేల మంది పెద్దవాళ్ల రక్తం పరీక్షించారు. ఆంధ్రప్రదేశ్‌లో కృష్ణా, నెల్లూరు, విజయనగరం, తెలంగాణలో జనగామ, కామారెడ్డి, నల్గొండ అందులో ఉన్నాయి. ఇంటికి ఒక్కరినే, అదీ చీటీ పద్ధతిలో తీశారు. దేశంలోని పెద్దవాళ్లలో అప్పటికి 0.73 శాతం మందికి వైరస్ సోకిందని అంచనా వేయగలిగారు. ఇంట్లో ముందుకొచ్చినవాడి రక్తం తీసుకుని వచ్చేస్తే ఆ అంకెకు విలువుండేది కాదు.

అందుకని పొద్దున ఆరున్నరకో, సాయంత్రం పొలం నుంచి వచ్చాకో వెళ్లండి. ఆదివారం కొంతమంది దొరుకుతారు. ఆశా అక్కను అడిగితే ఎవరు ఏ వేళకు ఇంట్లో ఉంటారో చెబుతుంది. కనీసం మూడుసార్లు వెళ్లాక కూడా దొరక్కపోతే, దొరకలేదని కారణంతో సహా రాయండి.

కొలతలో సోమరితనం

బీపీ చూసే ముందు మనిషిని ఐదు నిమిషాలు కూర్చోనివ్వాలి. అంతకుముందు అరగంటలో టీ, బీడీ, చుట్ట లేకుండా చూడాలి. వీపుకు ఆసరా ఉండాలి, పాదాలు నేలకు ఆనాలి, చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి. మాట్లాడిస్తూ చూడకూడదు. ఒక్కసారి చూసి వదలకుండా, మీ ప్రోటోకాల్ ఎన్నిసార్లంటే అన్నిసార్లు తీయాలి. పాదరసం మెషీన్‌తో చూసే రోజుల్లో 120, 130, 140 అంటూ సున్నాతో ముగిసే అంకెలే ఎక్కువగా నమోదయ్యేవి. రీడింగులు సున్నా మీద, ఐదు మీద గుమిగూడుతుంటే విశ్లేషణ చేసేవాళ్లకు అది మొదటి చూపులోనే తెలిసిపోతుంది. రెండేళ్లలోపు పిల్లల పొడవును పడుకోబెట్టి కొలవాలి, ఆపై వయసువాళ్లను నిలబెట్టి. తూకం మెషీన్‌ను రోజూ తెలిసిన బరువుతో సరిచూసుకోండి.

పోలికను ఒకసారి అనుమానించండి

1953లో జెర్రీ మారిస్ బృందం లండన్ బస్సుల్లో పనిచేసే సుమారు 31 వేల మంది మగవాళ్ల ఆరోగ్యాన్ని చూసింది. రోజంతా కూర్చుని నడిపే డ్రైవర్ల కంటే, రెండంతస్తుల బస్సుల్లో మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా వచ్చింది. శారీరక శ్రమ గుండెను కాపాడుతుందన్న ఆలోచనకు ఇదే బలమైన పునాది. కానీ మారిస్ అక్కడితో తృప్తి పడలేదు. డ్రైవరు ఉద్యోగానికే ముందునుంచీ లావుగా ఉన్నవాళ్లు వస్తున్నారేమో అని అనుమానించాడు. యూనిఫాం ప్యాంట్ల నడుము కొలతల రికార్డులు తీయించి చూస్తే డ్రైవర్ల నడుములు నిజంగానే పెద్దవి. 1956లో ఆ ఫలితాన్నీ తానే ప్రకటించాడు. తర్వాతి విశ్లేషణల్లో, నడుము కొలత ఒకటే ఉన్నవాళ్లను పోల్చినా కండక్టర్లకే మేలు కనిపించింది. అలా ఆ ఫలితం నిలబడింది.

మీ చేతికి వచ్చే ప్రతి పోలికలోనూ ఇదే ప్రశ్న వేసుకోండి: ఈ రెండు గుంపులూ మొదటినుంచీ ఒకేలాంటివేనా? శ్రీకాకుళం ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు నీళ్లు, ఎండలో శ్రమ, పురుగుమందులు అంటూ ఎన్నో కారణాలు ప్రచారంలో ఉన్నాయి. పని, నీళ్లు, ఊరు అన్నీ ఒకే కుటుంబంలో కలిసే ఉంటాయి కాబట్టి వాటిని విడదీయాలంటే వృత్తి, ఎండలో గడిపిన గంటలు, తాగిన నీళ్ల బావి, వాడిన నొప్పి మాత్రలు విడివిడిగా రాయాలి. ‘వ్యవసాయం’ అని ఒక్క మాట రాసి వదిలేస్తే కొబ్బరి తోట యజమానీ కూలీ ఒకే గడిలో పడతారు.

పదిహేనేళ్ల తర్వాత వచ్చేవాడి కోసం రాయండి

హైదరాబాద్ దగ్గరి 29 గ్రామాల్లో 1987-90 మధ్య ఒక పోషకాహార అధ్యయనం జరిగింది. కొన్ని గ్రామాల్లో అంగన్‌వాడీ పథకం మొదలై గర్భిణులకు, చిన్నపిల్లలకు రోజూ ఉప్మా పెట్టేవారు. మిగతా గ్రామాలకు పథకం ఇంకా రాలేదు. 2003-05లో జాతీయ పోషకాహార సంస్థ, విదేశీ పరిశోధకులు కలిసి ఆ పిల్లలను మళ్లీ వెతికారు. అప్పటికి వాళ్లకు 13 నుంచి 18 ఏళ్లు. దొరికిన 1,165 మందిని పరీక్షిస్తే, ఆహారం అందిన గ్రామాల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువ ఉన్నారు. రక్తనాళాలు, ఇన్సులిన్ పనితీరు కూడా కొంత మెరుగ్గా ఉన్నాయి. తల్లి కడుపులో, పసితనంలో అందిన తిండి పెద్దయ్యాక గుండెకు మేలు చేస్తుందనడానికి మన గ్రామాల నుంచి వెళ్లిన సాక్ష్యం ఇది. అదే పని ‘ఆంధ్రప్రదేశ్ పిల్లలు, తల్లిదండ్రుల అధ్యయనం’గా పెరిగింది.

ఇలాంటి పనిలో ఇంటిపేరు, తండ్రి పేరు, తల్లి పుట్టినూరు, ఇంటి గుర్తు అన్నీ విలువైనవే. ఫోన్ నంబర్లు మారిపోతాయి, ఆడపిల్లలు అత్తవారింటికి వెళ్లిపోతారు. ‘రామాలయం వెనక’ అని రాసేటప్పుడు ఏ వీధి రామాలయమో కూడా రాయండి.

ఫలితం చెప్పేటప్పుడు

రిపోర్టు రాయడమో, పత్రికవాళ్లకు చెప్పడమో మీ పనైతే ‘రెట్టింపైంది’ అన్న మాట ఒంటరిగా వాడకండి. 1995లో బ్రిటన్‌లో కొత్త రకం గర్భనిరోధక మాత్రలతో రక్తం గడ్డకట్టే ప్రమాదం రెట్టింపని హెచ్చరిక వచ్చింది. నిజానికి అది 7 వేల మందిలో ఒకరి నుంచి ఇద్దరికి పెరగడమే. భయపడి ఎంతోమంది మాత్రలు ఆపేశారు. మరుసటేడు ఇంగ్లండ్, వేల్స్‌లలో గర్భస్రావాలు సుమారు 13 వేలు పెరిగాయని అంచనా. ఎంతమందిలో ఎంతమంది, ఎన్నాళ్లలో అన్నది పక్కనే చెప్పండి. సంబంధం కనిపించిందంటే అదే కారణమని రాసేయకండి.

ఈ హద్దులు దాటకండి

ఐసీఎంఆర్ 2017 నీతి మార్గదర్శకాల ప్రకారం సర్వే వివరాలు ఎదుటివాళ్లకు అర్థమయ్యే భాషలో చెప్పి, ఒప్పుకున్నాకే మొదలుపెట్టాలి. వేలిముద్ర వేసేవాళ్లయితే సంబంధం లేని సాక్షి ఉండాలి. కాదనే హక్కు వాళ్లకుంది. హెచ్‌ఐవీ, టీబీ, మద్యం, గర్భస్రావం గురించి ఇంట్లో అందరి ముందూ అడగకండి. విన్నది ఊళ్లో ఎక్కడా అనకండి.

టార్గెట్ ఒత్తిడికి చెట్టు కింద కూర్చుని ఫారాలు నింపడం ఈ రంగంలో ఉన్న పెద్ద జబ్బు. ట్యాబ్‌లో సమయం, లొకేషన్ నమోదవుతాయి కాబట్టి ఎక్కువసార్లు దొరికిపోతారు. దొరకకపోతే నష్టం ఇంకా పెద్దది. లేని మనిషి జవాబు మీద నిజమైన మనిషికి మందులో, నీళ్లో, నిధులో కేటాయిస్తారు. రోజుకు ఇన్ని ఇళ్లు అసాధ్యమైతే, ఎందుకు అసాధ్యమో రోజువారీ డైరీతో సూపర్‌వైజర్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి.

చేరేముందే కొన్ని అడిగి తీసుకోండి: గుర్తింపు కార్డు, సర్పంచ్‌కూ పీహెచ్‌సీకీ లేఖ, ప్రయాణ భత్యం లెక్క, ప్రమాద బీమా, కాంట్రాక్టు గడువు. సాయంత్రం పూట ఆడవాళ్లు ఒంటరిగా వెళ్లాల్సిన పరిస్థితి రాకుండా జతగా పంపమనండి. బీపీ మరీ ఎక్కువున్న మనిషి ఎదురైతే ఎవరికి చెప్పాలో, ఎక్కడికి పంపాలో మొదటిరోజే తెలుసుకోండి. కొలిచి, రాసుకుని, చెప్పకుండా వచ్చేయడం తప్పు.

పైకి ఎదగాలంటే

ఎక్సెల్ బాగా నేర్చుకోండి. ఆర్ అనే విశ్లేషణ సాఫ్ట్‌వేర్ ఉచితం. సొంత మండలం డేటాతోనే సాధన చేయవచ్చు. చెన్నైలోని జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ ‘హెల్త్ రీసెర్చ్ ఫండమెంటల్స్’ పేరుతో ఎన్‌పీటెల్‌లో ఆన్‌లైన్ కోర్సు నడిపింది, పరిశోధన పద్ధతులకు అది మంచి మెట్టు. హైదరాబాద్‌లో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ ఉంది. ఎంబీబీఎస్ చదివినవాళ్లకు జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం 2012లో మొదలుపెట్టిన ఎపిడెమిక్ ఇంటెలిజెన్స్ సర్వీస్ శిక్షణ ఉంది. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ల కంటే ముందు, మీరు చేసిన సర్వేలో ఎంతమంది దొరకలేదు, వాళ్ల విషయంలో ఏం చేశారు అని అడగవచ్చు. దానికి నిజాయతీగా, అంకెలతో జవాబు చెప్పగలిగినవాళ్లు ముందుంటారు.

మీ గ్రామంలో సర్వే పూర్తయ్యాక ఒక పని తప్పక చేయండి. ఫలితం వచ్చినప్పుడు దాన్ని గ్రామసభలో చెప్పించమని మీ సంస్థను అడగండి. రక్తం ఇచ్చి, సమయం ఇచ్చి, ఇంటి గుట్టు విప్పి చెప్పినవాళ్లకు తమ ఊరి ఆరోగ్యం ఎలా ఉందో తెలుసుకునే హక్కు అందరికంటే ముందు ఉంది.